కుట్టు మిషన్ మొరాయిస్తే చివరగా తిప్పాల్సింది స్క్రూ

కుడుతూ ఉండగా గుడ్డ అడుగున దారం ముద్దగా చుట్టుకుపోయిందనుకోండి. చాలా ఇళ్ళలో వెంటనే జరిగేది ఒకటే. బాబిన్ కేసు, అంటే కింది దారం చుట్టిన చిన్న కండె (బాబిన్) కూర్చునే డబ్బీ, బయటికి తీసి, దాని పక్కనున్న చిన్న స్క్రూను అటో ఇటో తిప్పుతారు. చిక్కు కింద కనిపించింది కాబట్టి తప్పు కూడా కిందే ఉందనుకోవడం సహజం. కానీ గుడ్డ అడుగున ముద్ద కట్టేది దాదాపు ఎప్పుడూ పై దారమే. అది టెన్షన్ డిస్కుల, అంటే పై దారాన్ని నొక్కి బిగువు ఇచ్చే రెండు బిళ్ళల, మధ్య సరిగా కూర్చోక, పట్టు లేకుండా వదులుగా దిగిపోయి కింద పోగుపడుతుంది. స్క్రూ తిప్పడంతో అప్పటిదాకా బాగున్న కింది దారం బిగువు కూడా చెడుతుంది. ఒక్క తప్పున్న చోట రెండవుతాయి. ఆ తర్వాత దారం తిరిగి సరిగ్గా ఎక్కించినా కుట్టు బాగుపడదు, మిషన్ పాడైందన్న మాట ఖాయమైపోతుంది.

ఇళ్ళలో మూలన పడిన మిషన్లలో నిజంగా చెడిపోయినవి తక్కువ. సూది అరిగిపోయినవి, నూనె గడ్డకట్టినవి, గుడ్డను జరిపే ఇనుప పళ్ళ కింద దూది పేరుకున్నవి, తప్పుగా దారం ఎక్కించినవి ఎక్కువ. ఒక్క కుట్టు ఎలా పడుతుందో తెలిస్తే వీటిలో ప్రతి దానికీ కారణం కుట్టులోనే కనిపిస్తుంది.

ఇక్కడ మాట్లాడేది మన ఇళ్ళలో రెండు మూడు తరాలుగా ఉన్న నల్ల మిషన్ గురించి. ఇనుముతో పోత పోసిన ఒళ్ళు, నేరు కుట్టు తప్ప వేరేది రాదు. కాలితో తొక్కేది కావచ్చు, చేత్తో తిప్పేది కావచ్చు, ఈమధ్య పక్కన చిన్న మోటారు బిగించినది కావచ్చు. ఉషా, సింగర్, మెరిట్, లేదా లూధియానాలో తయారై మరో పేరుతో అమ్ముడైనది. పేరేదైనా వీటిలో చాలావాటి లోపలి అమరిక సింగర్ పాత 15వ తరగతి నమూనాదే. అందుకే ఏ చిన్న ఊళ్ళో అడిగినా బాబిన్, బాబిన్ కేసు, షటిల్ దొరుకుతాయి. కొత్తగా కొనాలా, అమ్మమ్మ మిషన్ బాగు చేయించుకోవాలా అని ఆలోచించేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఒక్క కుట్టు ఎలా పడుతుంది

చేతి సూదికి కన్ను వెనక ఉంటుంది, మిషన్ సూదికి మొన దగ్గర ఉంటుంది. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన యంత్రంలో ప్రధానమైనవి రెండు: మొన దగ్గర కన్నున్న సూది, దానికి తోడు కిందనుంచి రెండో దారం తెచ్చే షటిల్. ఆ షటిల్ ఆలోచన మగ్గం మీది నాడె నుంచి వచ్చిందే. చేనేత చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మగ్గంలో నాడె పడుగు మధ్యలోంచి పేక దారాన్ని తీసుకుపోతుంది. కుట్టు మిషన్‌లో సూది చేసిన ఉచ్చులోంచి కింది దారం దాటుతుంది. ఇప్పటి నల్ల మిషన్‌లో నాడెలా అటూ ఇటూ పరిగెత్తే భాగం లేదు. దాని స్థానంలో కొక్కెం ఉన్న ఒక ముక్క అర్ధవృత్తంగా ఊగుతుంది. పేరు మాత్రం ఇంకా షటిలే.

సూది గుడ్డలో దిగి, అట్టడుగుకు చేరి, తిరిగి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు లేస్తుంది. అప్పటికి దారాన్ని గుడ్డ పట్టుకుని ఉంటుంది కాబట్టి సూదితో పాటు దారం పైకి జారలేదు. సూది పక్కన చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికే షటిల్ కొక్కెం వచ్చి ఆ ఉచ్చును అందుకుంటుంది. దాన్ని సాగదీసి బాబిన్ కేసు చుట్టూ పూర్తిగా తిప్పుతుంది. అలా పై దారం కింది దారాన్ని చుట్టుకున్నాక, ముందువైపు పైకీ కిందికీ ఆడే టేకప్ లివర్ మిగులు దారాన్నంతా పైకి లాగేసి కుట్టు బిగిస్తుంది. అంతలో కింద పళ్ళు గుడ్డను ఒక కుట్టు దూరం వెనక్కి జరుపుతాయి. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి ఇదంతా అయిపోతుంది.

బాబిన్ ఎందుకంత చిన్నది, దారం అంత త్వరగా ఎందుకు అయిపోతుంది అన్న విసుగుకు జవాబు ఇక్కడే ఉంది. ప్రతి కుట్టుకూ పై దారపు ఉచ్చు బాబిన్ కేసు మొత్తాన్ని చుట్టి రావాలి. బాబిన్ పెద్దదైతే ఉచ్చు కూడా అంత పెద్దది కావాలి.

ఇంకో సంగతి కూడా ఇందులోనే దాగి ఉంది. కేసు చుట్టి రావడానికి కిందికి దిగే దారం కొన్ని సెంటీమీటర్లు. కుట్టులో ఖర్చయ్యేది కొన్ని మిల్లీమీటర్లే. మిగతాదంతా తిరిగి పైకి వెళ్ళి, మళ్ళీ దిగి, మళ్ళీ లేస్తుంది. అంటే దారంలోని ప్రతి ముక్కా గుడ్డలో స్థిరపడే లోపు సూది కన్నులోంచి పదుల సార్లు రాపిడి పడుతుంది. చవక దారం, పాత డబ్బాలో ఏళ్ళ తరబడి పడి ఉన్న దారం చేతికుట్టుకు బాగానే ఉండి మిషన్ మీద పటపటా తెగిపోవడానికి కారణం ఇదే. సూది కన్నులో వెంట్రుకంత గరుకున్నా పదుల సార్ల రాపిడిలో అది కత్తిలా పనిచేస్తుంది.

సూది మీద పిసినారితనం వద్దు

మిషన్ ధర వేలల్లో ఉంటుంది, సూది ధర కొద్ది రూపాయలు. అయినా విరిగేదాకా సూది మార్చని ఇళ్ళే ఎక్కువ. మొత్తంగా ఎనిమిది గంటల కుట్టుపని దాటితే సూది మార్చడం మంచి అలవాటు. జరీ అంచుల మీద, గట్టి లైనింగుల మీద కుడితే అంతకన్నా ముందే మొన మొద్దుబారుతుంది. మొనను గోటి మీద మెల్లగా గీస్తే గీత పడిందంటే ఆ సూది పని అయిపోయినట్టే. గుడ్డలో దిగేటప్పుడు టప్ టప్‌మని చప్పుడు రావడం, పట్టు మీద పోగులు లాగినట్టు కనిపించడం కూడా అదే చెబుతాయి.

సూది నంబర్ల లెక్క తేలికే. 90/14 అని రాసి ఉంటే 90 అంటే సూది కాడ మందం 0.9 మిల్లీమీటరు, 14 అదే మందానికి పాత లెక్క. వాయిల్, పల్చని పట్టు, జార్జెట్ లాంటి వాటికి 11. టూ బై టూ జాకెట్టు గుడ్డకు, పాప్లిన్‌కు 14. లైనింగ్ వేసిన జాకెట్టుకు, ప్యాంటు గుడ్డకు 16. జీన్స్‌కు 18. లెగ్గింగ్స్, టీ షర్టు లాంటి సాగే గుడ్డకు గుండ్రటి మొన ఉన్న బాల్ పాయింట్ సూది కావాలి. మామూలు సూదితో కుడితే గుడ్డ సూదితో పాటే పైకి లేస్తుంది, ఉచ్చు ఏర్పడదు, కొక్కేనికి దారం అందదు, కుట్టు దాటిపోతుంది. దీన్ని మిషన్ లోపంగా భావించి రిపేరుకు ఇచ్చేవారు చాలామంది.

కొనేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. టైలరు షాపుల పవర్ మిషన్ సూది తల గుండ్రంగా ఉంటుంది, ప్యాకెట్ మీద డీబీ×1 అని ఉంటుంది. ఇంటి మిషన్‌కు కావాల్సింది తల ఒకవైపు చదునుగా ఉండే హెచ్‌ఏ×1. ఆ చదును వైపు ఏ దిక్కుకు రావాలన్నది మిషన్ నమూనాను బట్టి మారుతుంది కానీ సూత్రం మారదు. సూదికి ఒకవైపు కన్ను దాకా పొడవాటి గాడి ఉంటుంది. దారం ఎప్పుడూ ఆ గాడి వైపు నుంచే కన్నులోకి దూరాలి. సూది దిగేటప్పుడు దారం ఆ గాడిలో దాక్కుంటుంది, చదునుగా ఉన్న రెండో వైపు ఉచ్చు ఏర్పడుతుంది, కొక్కెం ఆ వైపే వస్తుంది. సూది తిరగేసి బిగిస్తే ఒక్క కుట్టు కూడా పడదు. బిగించేటప్పుడు సూదిని పైదాకా పూర్తిగా తోయాలి. ఒక మిల్లీమీటరు కిందికి ఉన్నా కొక్కెం, ఉచ్చు కలుసుకునే లెక్క తప్పుతుంది.

సూదులు విరగడానికి ప్రధాన కారణం గుడ్డను వెనకనుంచి లాగడం. గుడ్డను జరిపే పని పళ్ళది, దారి చూపే పని మాత్రమే చేతులది. లాగితే సూది వంగి ప్లేటుకో కొక్కేనికో తగులుతుంది. సూది విరిగితే నష్టం కొద్ది రూపాయలే కానీ కొక్కెం మీద గాటు పడితే ఆ తర్వాత ఎన్ని సూదులు మార్చినా దారం తెగుతూనే ఉంటుంది. చిన్న గాటైతే జీరో నంబర్ ఎమరీ పేపర్‌తో మెల్లగా రుద్ది పోగొట్టవచ్చు.

దారం ఎక్కించడం, కుట్టును చదవడం

దారం ఎక్కించే ముందు గుడ్డను నొక్కి పట్టే ప్రెషర్ ఫుట్ పైకి ఎత్తాలి. ఫుట్ ఎత్తినప్పుడు టెన్షన్ డిస్కులు విచ్చుకుంటాయి, దించినప్పుడు మూసుకుంటాయి. ఫుట్ దించి ఉండగా ఎక్కిస్తే దారం డిస్కుల మధ్యకు వెళ్ళకుండా అంచు మీదే జారుతుంది. మొదట చెప్పిన ముద్దకు మూలం చాలాసార్లు ఇదే. దారం వెళ్ళే దారి ఇది: రీలు నుంచి పై కొక్కెం, డిస్కుల మధ్య, దాని పక్కనున్న చిన్న స్ప్రింగు తీగ, టేకప్ లివర్ రంధ్రం, ముఖం మీది కొక్కేలు, సూది పక్కన తీగ, చివరికి సూది. వీటిలో ఒక్కటి వదిలేసినా కుట్టులో తెలుస్తుంది, టేకప్ లివర్ వదిలేస్తే మాత్రం వెంటనే ముద్ద కడుతుంది.

బాబిన్‌కు దారం సమంగా, కాస్త బిగువుగా చుట్టుకోవాలి. చక్రం మధ్యలో ఉన్న పెద్ద స్క్రూ వదులు చేసి చుడితే సూది ఆడకుండా చక్రం ఒక్కటే తిరుగుతుంది. చుట్టాక ఆ స్క్రూ బిగించడం మర్చిపోవడం, తర్వాత తొక్కినా సూది కదలడం లేదని కంగారుపడటం కొత్తవారికి జరిగేదే. కేసు లోపల పెట్టినప్పుడు దాని చెయ్యి పైన గాడిలో కూర్చోవాలి, టిక్‌మన్న చప్పుడు వినిపించాలి. ఆ చప్పుడు రాకుండా కుట్టడం మొదలుపెడితే సూది నేరుగా కేసు మీద దిగే ప్రమాదం ఉంది.

కుట్టు చదవడానికి మంచి పరీక్ష ఒకటి ఉంది. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసి, రెండు మడతల నూలు గుడ్డ మీద ఒక జానెడు కుట్టాలి. పై దారం పైనే, కింది దారం కిందే కనిపిస్తే, ముడి గుడ్డ మధ్యలో పడుతున్నట్టు. గుడ్డ పైన తెల్ల చుక్కలు కనిపిస్తే పై దారం ఎక్కువ బిగువుగా ఉంది. అడుగున తెల్ల దారం తీగలా నేరుగా పడుకుని, దాని మీద ఎర్ర ఉచ్చులు కనిపిస్తే పై దారం వదులు. గుడ్డను ఏటవాలుగా మడిచి కుట్టి, రెండు చివరలూ పట్టుకుని గట్టిగా లాగితే బిగువుగా ఉన్న దారమే ముందు తెగుతుంది. తెగిన రంగును బట్టి తప్పు ఏ వైపుందో తెలిసిపోతుంది.

కింది బిగువు చూడటానికి కేసును దారం కొసతో పట్టుకుని వేలాడదీయాలి. కదలకుండా వేలాడాలి, చేయి చిన్నగా విదిలిస్తే కొన్ని అంగుళాలు జారి ఆగాలి. రాయిలా పడిపోతే వదులు, విదిలించినా జారకపోతే బిగువు. అప్పుడే ఆ స్క్రూ ముట్టుకోవాలి, అదీ గడియారం ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత మాత్రమే. అంతకు ముందు ఆ స్క్రూ బిగించే స్ప్రింగు రేకు కింద దూది ఇరుక్కుందేమో చూడటం మరీ ముఖ్యం. చిన్న పోగు చాలు, రేకు లేచి బిగువంతా పోతుంది.

మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ ఫుట్ కిందనుంచి వెనక్కి వేసి, మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా పట్టుకోవాలి. ముగించేటప్పుడు టేకప్ లివర్ పూర్తిగా పైకి వచ్చాకే గుడ్డ తీయాలి. చక్రం ఎప్పుడూ మన వైపుకే తిరగాలి. కాలితో తొక్కే మిషన్ నేర్చుకునేవారికి అసలు కష్టం ఇదే. చక్రాన్ని చేత్తో మన వైపుకు తిప్పి అందుకుని కాలు కలపాలి, లేకపోతే వెనక్కి తిరిగి దారం తెంపేస్తుంది. సూదికి దారం లేకుండా గీతల నోటుపుస్తకం కాగితం మీద కుట్టి, రంధ్రాలు గీత మీదే పడేదాకా సాధన చేయడం పాత పద్ధతి. దానికి మించిన పాఠం ఇప్పటికీ లేదు. కాగితం మొన అరగదీస్తుంది కాబట్టి దానికి పాత సూది వాడాలి.

కుట్టు నిడివి విషయానికొస్తే మామూలు పనికి 2.5 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి పది కుట్లు. కుచ్చులు లాగడానికి, తాత్కాలికంగా కలపడానికి 4 లేదా 5. జాకెట్టు పైపింగ్ కలిసే చోట, సంకలో అతుకులు కలిసే చోట ఆరేడు పొరలు ఒక్క దగ్గర పడతాయి. అక్కడ తొక్కడం ఆపి చక్రం చేత్తో తిప్పి దాటించడమే సూదికీ మిషన్‌కూ క్షేమం.

నూనె

మిషన్ నూనె అయిపోయిందని వంటింట్లోంచి కొబ్బరి నూనె తెచ్చి పోయడం మన దగ్గర చాలా ఇళ్ళలో జరిగే తప్పు. ఆ పూటకు మిషన్ హాయిగా తిరుగుతుంది. కానీ కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది. ఆదిలాబాద్ వైపు చలికాలంలో రాత్రికి రాత్రే మిషన్ బిగుసుకుపోవడం ఖాయం. అసలు నష్టం అంతకన్నా పెద్దది. కొబ్బరి, పల్లీ, పొద్దుతిరుగుడు ఏదైనా సరే, వంటనూనె గాలి తగిలి మెల్లగా చిక్కబడి జిగురవుతుంది. మూకుడు అంచున పట్టే మడ్డి లాంటిదే లోపల కీళ్ళలో పేరుకుంటుంది. దానికి దూది పోగులు అంటుకుని గట్టిపడతాయి. మిషన్ నూనె అలా కాదు. అది నీళ్ళలా పల్చటి, రంగులేని ఖనిజ తైలం, ఏళ్ళు గడిచినా అంత తేలిగ్గా జిగురుగా మారదు. తుప్పు వదిలించే స్ప్రేలను కూడా నూనెగా వాడకూడదు. అవి పాత మడ్డిని కరిగిస్తాయి, కానీ త్వరగా ఆరిపోయి ఇనుమును ఇనుముకే వదిలేస్తాయి.

నూనె ఎక్కడ వేయాలి అంటే, ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతి చోటా. పైన కనిపించే రంధ్రాలన్నీ అందుకే ఉన్నాయి. ముఖం వైపు ప్లేటు తీస్తే సూది కడ్డీ, టేకప్ లివర్ కీళ్ళు కనిపిస్తాయి. మిషన్‌ను వెనక్కి వంచితే కింద ఊగే కడ్డీల కీళ్ళు ఉంటాయి, చాలామంది మర్చిపోయేది ఇవే. చోటుకు ఒకటి రెండు చుక్కలు చాలు. తర్వాత దారం లేకుండా, ఫుట్ ఎత్తి ఉంచి ఒక నిమిషం తిప్పి, కారిన నూనె తుడవాలి. రోజంతా కుట్టేవారు రోజూ, అప్పుడప్పుడు కుట్టేవారు వారానికోసారి వేసుకోవాలి. కాలితో తొక్కే స్టాండు కింద చక్రానికీ, తొక్కే పలక కీళ్ళకూ కూడా నూనె కావాలి. తొక్కడం బరువైందంటే ముందు అక్కడే చూడాలి. బెల్టు సాగి జారుతుంటే అర అంగుళం కోసి కొక్కెం మళ్ళీ బిగిస్తే సరిపోతుంది.

దూది సంగతి నూనె అంత ముఖ్యమైనదే. సూది ప్లేటు రెండు స్క్రూలు విప్పి చూస్తే పళ్ళ మధ్య నొక్కుకుపోయిన దూది చాపలా వస్తుంది. అది పళ్ళను పైకి లేవనివ్వదు, గుడ్డ జరగదు, కుట్లు ఒకే చోట పడతాయి. షటిల్‌ను పట్టి ఉంచే రెండు చిన్న కొక్కేలు తిప్పితే రింగు ఊడి వస్తుంది, షటిల్ చేతిలోకి వస్తుంది. వెనక ఇరుక్కున్న దారం ముక్కలు తీసి, పాత టూత్ బ్రష్‌తో తుడిచి, గాడిలో ఒక్క చుక్క నూనె వేసి మళ్ళీ అలాగే బిగించాలి. నోటితో ఊదకూడదు, ఊపిరి తడి ఇనుముకు తుప్పు తెస్తుంది.

కాబట్టి కుట్టు చెడినప్పుడు వెళ్ళాల్సిన వరస ఇలా ఉంటుంది: పైదారం విప్పి మళ్ళీ ఎక్కించడం, కొత్త సూది, బాబిన్ మళ్ళీ చుట్టడం, దూది, నూనె, ఆ తర్వాతే టెన్షన్ స్క్రూలు. సూది, కొక్కెం కలుసుకునే సమయం తప్పితే, అంటే ఎన్ని చేసినా ఒక్క కుట్టూ పడకపోతే, అది మెకానిక్ పని. గట్టిగా ఇరుక్కున్న చక్రాన్ని బలంగా తిప్పినప్పుడే ఆ లెక్క తప్పే అవకాశం ఎక్కువ. ఇరుక్కున్నప్పుడు బలం వద్దు, చక్రాన్ని కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ దారం కోసి తీయాలి.

చేతివృత్తులవారి కోసం కేంద్రం 2023లో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉంది. రాష్ట్రాల్లోనూ మహిళలకు ఉచితంగా మిషన్లు పంచడం కొత్తేమీ కాదు. వాటితో పాటు నేర్పే శిక్షణలో కత్తిరింపు, కొలతలు ఉంటాయి. షటిల్ విప్పి బిగించడం ఒక పూట నేర్పితే ఆ మిషన్ మీద బతికే మనిషికి సీజన్ మధ్యలో పని ఆగదు. ఒక నూనె డబ్బా, ఒక సూదుల ప్యాకెట్ కలిపి ఇవ్వడానికి అయ్యే ఖర్చు కూడా చాలా తక్కువ.

మోటారు బిగించుకున్నవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. నూనె మిషన్‌కే కానీ మోటారుకు కాదు. పని కాగానే ప్లగ్గు తీయాలి, లేకపోతే కింద ఉన్న ఫుట్ కంట్రోల్ మీద పిల్లల కాలు పడినా సూది కదులుతుంది.

ఏళ్ళ తరబడి వాడని మిషన్‌ను తిరిగి లేపాలంటే తొందరపడకూడదు. కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పు గాలికి పళ్ళ మీద, సూది కడ్డీ మీద తుప్పు పట్టి ఉంటుంది. ముందు పాత సూది తీసేయాలి. ప్రతి కీలులో కిరోసిన్ చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయాలి. దగ్గర్లో దీపం, పొయ్యి లేకుండా చూసుకోవాలి. మర్నాడు చేత్తో చక్రాన్ని కొద్దికొద్దిగా ఆడిస్తే నల్లటి మడ్డి కారుతుంది. దాన్ని తుడిచి మళ్ళీ వేయాలి. మడ్డి రావడం ఆగిపోయి, చక్రం ఒక్క వేలితో తిరిగేదాకా ఇలా రెండు మూడు రోజులు పట్టవచ్చు. కిరోసిన్ మిషన్‌కు నూనెలా పనిచేయదు, ఉన్న జిడ్డునంతా తుడిచేస్తుంది. అందుకే వెంటనే అన్ని చోట్లా మిషన్ నూనె వేయాలి. ఆ తర్వాత కొత్త సూది, కొత్త దారం. ఒక తెల్లటి పాత గుడ్డ మీద నాలుగైదు వరసలు కుట్టి చూడాలి. నూనె మరక లేకుండా వరస పడినప్పుడు జాకెట్టు గుడ్డ పెట్టుకోవచ్చు.